కడుపు నిండినా చేయి ఎందుకు ఆగదు?

ప్రియమైన పిల్లలకు,

భోజనం చేసి లేచాక కూడా చాక్లెట్ కనబడితే తినాలనిపిస్తుంది కదూ! చూసినవాళ్ళు "ఎంత తిండి యావ!" అనేస్తారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. మెదడు చేసే పనికి పిల్లల్ని తిట్టడం అన్యాయం.

ఆకలి సంగతి కొంత తేలిక. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి "తిను" అని మెదడుకు కబురు పంపుతుంది. ఒంట్లో కొవ్వు నిల్వలు సరిపడా ఉన్నాయని లెప్టిన్ అనే ఇంకో హార్మోన్ చెబుతుంది. మరి ఆకలి లేకపోయినా తినాలనిపించడం ఎందుకు? అక్కడికే వస్తున్నా.

డోపమైన్ పేరు మీరు వినే ఉంటారు. అది ఆనందాన్నిచ్చే రసాయనమని చాలామంది అంటారు గానీ, అది పూర్తిగా నిజం కాదు. ఎలుక నోట్లో తీపి చుక్క వేస్తే నాలుక బయటపెట్టి మూతి నాక్కుంటుంది. అప్పుడే పుట్టిన పాపాయి కూడా అంతే! రుచి నచ్చిందనడానికి అది గుర్తు. అమెరికాలో కెంట్ బెర్రిడ్జ్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలను పరీక్షించి 1989లో ఆ వివరాలు ప్రచురించారు. పాపం, అవి ఎదురుగా ఉన్న తిండి కూడా ముట్టలేదు. కానీ నోట్లో తీపి వేస్తే మామూలుగానే మూతి నాక్కున్నాయి. అంటే రుచి తెలుస్తోంది, బాగుంది కూడా. 'కావాలి' అన్న తపనే పోయింది. ఆ తపన డోపమైన్ పని. 'ఆహా' అనిపించేది వేరే. మెదడు తనంతట తాను తయారుచేసుకునే ఓపియాయిడ్లలాంటి రసాయనాలవల్ల ఆ హాయి కలుగుతుంది.

డోపమైన్ ఇంకో పని కూడా చేస్తుంది. రుచి ఎప్పుడు వస్తుందో నేర్చుకుని ముందే రంగంలోకి దిగుతుంది. అందుకే రేపర్ చిరిగిన చప్పుడుకే మనసు అటు లాగుతుంది, నోట్లో ఇంకా ఏమీ పడకపోయినా సరే.

ఒకే రుచి తింటూ పోతే అది మొహం మొత్తుతుంది, కొత్త రుచి మాత్రం మళ్ళీ ఊరిస్తుంది. అన్నం ఇక చాలన్నవాళ్ళు కూడా తీపి అనగానే సరే అనేది ఇందుకే.

ఇది చదివి తిండి తగ్గించేయకండి, ఆకలేస్తే కడుపునిండా తినాల్సిందే. ఈసారి టీవీ చూస్తూ చిప్స్ తినేటప్పుడు మాత్రం సగంలో ఒక్కసారి ఆగి, నోట్లో ఉన్న ముక్క మొదటి ముక్కంత రుచిగా ఉందో లేదో గమనించండి. ఏమనిపించిందో నాకు ఉత్తరం రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య