పాత గోవా గురించి రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

బీచ్‌లన్నీ అయ్యాక, ట్రైన్‌కి ఇంకా టైముందని పాత గోవాకు వచ్చే మనవాళ్లే గైడ్‌గా నాకు ఎక్కువ తగులుతారు. వ్యాన్ దిగగానే ఒకటే ప్రశ్న: "నాలుగు చర్చిలు తప్ప ఏమీ లేవు, ఇది రాజధానేంటి బాబూ?" 1510లో పోర్చుగీసు సేనాని ఆల్బుకర్క్ బీజాపూర్ సుల్తాను దగ్గర్నుంచి గుంజుకున్న ఊరిది. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి మకావు దాకా పోర్చుగీసు పెత్తనం ఇక్కణ్నుంచే నడిచింది.

అపోహ: ప్లేగు వచ్చి ఊరు రాత్రికి రాత్రే ఖాళీ అయింది.

వాస్తవం: జబ్బులొచ్చిన మాట నిజమే, మళ్లీ మళ్లీ వచ్చాయి. కానీ వ్యాపారం కూడా చితికిపోయింది. 1622లో హోర్ముజ్, 1641లో మలక్కా, 1663లో కొచ్చి రేవులు పోర్చుగీసువాళ్ల చేజారాయి. ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే ఇక్కడికి 1641లో ఒకసారి, 1648లో ఇంకోసారి వచ్చాడు. మొదటిసారి దర్జాగా బతుకుతున్నవాళ్లే రెండోసారి చీకటి పడ్డాక చాటుగా వచ్చి సాయం అడిగారని రాశాడు. ఆడవాళ్లు పల్లకీలో వచ్చి, తాము గుమ్మం బయటే ఉండి కుర్రాణ్ని లోపలికి పంపేవారట. తినడానికి లేకపోయినా పల్లకీ మాత్రం ఉండాలి! ఇది చెప్పగానే "మా ఊరి జమీందార్లూ ఇంతే" అని ఎవరో ఒకరు అందుకుంటారు. పోర్చుగీసు వైస్రాయి 1695లో పక్కనే ఉన్న పనేలింకి, 1759లో పణజికి మకాం మార్చాడు. అయినా 1843 దాకా కాగితాల మీద రాజధాని ఇదే.

అపోహ: "గోవా చూస్తే లిస్బన్ చూడక్కర్లేదు" అని లోకమంతా మెచ్చుకునేది.

వాస్తవం: అది పోర్చుగీసువాళ్ల సామెత, సొంత డబ్బా. 1580ల్లో ఇక్కడున్న డచ్చివాడు లిన్‌స్కోటెన్ రాసింది చదివితే, అదే నగరం నడివీధిలో రోజూ పొద్దున వేలంపాట కనిపిస్తుంది. అరబ్బీ గుర్రాలతో పాటు బానిసలనూ పాడుకునేవారు.

అపోహ: సెయింట్ అగస్టీన్ చర్చిని శత్రువులు కూల్చేశారు.

వాస్తవం: 1835లో పోర్చుగీసు సర్కారే మఠాన్ని మూయించింది. చూసే దిక్కులేక 1842లో పైకప్పు, 1931లో ముందుగోడ కూలాయి. మిగిలింది 46 మీటర్ల టవర్ ముక్క. అక్కడి తవ్వకాల్లో దొరికిన ఎముక జార్జియా రాణి కేతేవాన్‌దే అయ్యుంటుందని డీఎన్‌ఏ పరీక్షతో చెప్పింది మన హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. హైదరాబాదీలు బృందంలో ఉంటే ఇక్కడ నా గొంతు కాస్త పెరుగుతుంది.

అపోహ: బోమ్ జీసస్ చర్చి మొదట్నుంచీ ఇలా ఎర్రరాయే.

వాస్తవం: అందరూ ఫొటో దిగేది ఈ ఎరుపు ముందే, అందరూ మోసపోయేదీ ఇక్కడే. 1605లో ప్రారంభమైన ఈ చర్చికి గోడల నిండా సున్నపు గచ్చు ఉండేది. రోడ్డుకి అటువైపు కేథడ్రల్ ఇప్పటికీ తెల్లగానే ఉంది కదా, ఇదీ అలాగే ఉండేది. 1950లలో పోర్చుగీసు వాస్తుశిల్పి బల్తజార్ కాస్ట్రో, పాతగా కనిపించాలని ఆ గచ్చు ఒలిపించేశాడు. లోపలున్న ఈ ఎర్రరాయి, లేటరైట్, నీళ్లు పీల్చే రాయి. గోవా వానల్లో దానికి గొడుగు లాంటిది ఆ గచ్చే. అది పోయాక ఏటేటా రాయి అరుగుతోంది. మళ్లీ గచ్చు వేయాలని కొందరు అడుగుతుంటే, "తెల్లగా చేస్తే ఆ పాతదనం పోతుంది కదండీ" అని మనవాళ్లు బాధపడతారు. ఆ పాతదనం వయసు డెబ్బై చిల్లర. నా వ్యాన్‌లో వచ్చే తాతగార్లు కొందరు అంతకంటే పెద్దవాళ్లు.