ఊరి బస్సును నిలబెట్టుకోవడం: అపోహలు - వాస్తవాలు

పల్లెవెలుగు బస్సుల కోసం గ్రామ కమిటీలతో కలిసి చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. డిపోల చుట్టూ తిరగడం, వినతిపత్రాలు రాయడం, గ్రామసభల్లో మాట్లాడటం, ఎన్నికలొస్తే అభ్యర్థులను నిలదీయడం నా పని. ఏ ఊరికి వెళ్లినా దాదాపు అవే మాటలు వినిపిస్తాయి. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు. ఆ తప్పు లెక్కలతో పోరాటం మొదలుపెట్టి అలసిపోయిన ఊళ్లను చూశాక ఇది రాయాలనిపించింది.

అపోహ: బస్సు రద్దు చేసేటప్పుడు చెప్తారు కదా, అప్పుడు చూసుకుందాం.

ఊరి బస్సు ఒక్క ఆర్డరుతో ఆగిపోవడం చాలా అరుదు. ముందు నైట్ హాల్ట్, అంటే రాత్రి ఊళ్లోనే ఆగే బస్సు, పోతుంది. తర్వాత మధ్యాహ్నం ట్రిప్పు, ఆ తర్వాత ఆదివారాలు. వానాకాలంలో కల్వర్టు కోతకు గురైతే బస్సు అడ్డరోడ్డు దగ్గరే తిరిగి వెళ్లిపోతుంది. ‘తాత్కాలికంగా’ అంటారు. రోడ్డు బాగయ్యాక కూడా బస్సు లోపలికి రాదు, ఎవరూ అడగలేదు కాబట్టి. ఈలోగా పొద్దున ట్రిప్పు అరగంట వెనక్కి జరుగుతుంది. బడికి ఆలస్యమవుతుందని పిల్లల్ని ఆటోకు మాట్లాడతారు. పిల్లలు పోయాక బస్సు ఖాళీ. అప్పుడు అధికారులు ‘ఎవరూ ఎక్కడం లేదు’ అంటారు. ఆ రోజుకు అది నిజం కూడా.

అందుకే మొదటి ట్రిప్పు పోయిన రోజే కదలాలి. నేను ప్రతి ఊళ్లో మొదట చేయించే పని ఒకటే: బస్టాండు దగ్గరున్న కిరాణా కొట్టులోనో చాయ్ హోటల్లోనో ఒక నోటు పుస్తకం పెట్టించడం. బస్సు ఎన్నింటికి వచ్చింది, ఏ రోజు రాలేదు, ఎంతమంది ఎక్కారు, అంతే. డిపో మేనేజరు (డీఎం) నుంచి వచ్చే మొదటి జవాబు ఎప్పుడూ ‘రోజూ నడుస్తోంది కదా’ అనే. నెల రోజుల లెక్క ముందు పెడితే సంభాషణ మారిపోతుంది.

అపోహ: మా ఊరి రూటు నష్టాల రూటు, మనం అడిగినా వేయరు.

నష్టం అనే మాట ఎక్కడి నుంచి వస్తుందో చాలామందికి తెలియదు. డిపోలో రెండు అంకెలు చూస్తారు. ఒకటి ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చిన రాబడి. రెండోది ఓఆర్, ఆక్యుపెన్సీ రేషియో. ఓఆర్ అంటే ఎక్కినవాళ్ల తలల లెక్క కాదు. ఎంత దూరం ఎన్ని సీట్లు నిండి ఉన్నాయన్న లెక్క. ఉదాహరణకు నలభై కిలోమీటర్ల రూటులో మండల కేంద్రం దాకా జనం కిక్కిరిసి ఉన్నా, చివరి ఆరు కిలోమీటర్లు మీ ఊరికి పదిమందే మిగిలితే, ఆ చివరి ముక్క ఖాళీగా కనిపిస్తుంది. కోత పెట్టాలనుకున్నప్పుడు కత్తెర పడేది అక్కడే.

ఇంకో సంగతి. ఒక బస్సు రోజంతా మీ ఊరికే తిరగదు. దాని షెడ్యూల్లో పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం జిల్లా కేంద్రం, సాయంత్రం ఇంకో ఊరు ఉంటాయి. కాబట్టి ‘రూటు నష్టం’ అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఏ ట్రిప్పు, ఏ టైములో? బడి తొమ్మిదింటికి మొదలైతే బస్సు పదింటికి వస్తుంది. సంత ఉన్న రోజూ లేని రోజూ ఒకే టైము. ఇలాంటి చోట ఖాళీ సీట్లకు కారణం జనం లేకపోవడం కాదు, టైమింగు. టైమింగు మార్చడానికి కొత్త బస్సు అక్కర్లేదు, కొత్త డ్రైవరూ అక్కర్లేదు. డిపో స్థాయిలోనే చాలా వరకు అయిపోతుంది. కొత్త సర్వీసు అడిగితే మాత్రం బస్సు, సిబ్బంది రెండూ కావాలి. అది రీజినల్ మేనేజరు దాకా పోతుంది, నెలలు పడుతుంది. నా సలహా, ముందు టైమింగు అడగండి.

ఆ అంకెలు వాళ్లు చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ‘మా ఊరికి బస్సు ఎందుకు రావట్లేదు’ అని రాస్తే జవాబు రాదు. ‘గత ఏడాది ఫలానా ట్రిప్పు నెలవారీ ఓఆర్, ఈపీకే, రద్దయిన ట్రిప్పుల సంఖ్య’ అని రాయాలి. కొన్నిసార్లు ఆ కాగితంలోనే మన వాదన దొరుకుతుంది: ట్రిప్పులు రద్దయిన నెలల్లోనే ఓఆర్ కూడా పడిపోయి ఉంటుంది.

అపోహ: ఆడవాళ్లు ఫ్రీగా వెళ్తున్నారు కాబట్టి వాళ్లు లెక్కలోకి రారు.

ఇది మా దగ్గర ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ. ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకాలు తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో మొదలయ్యాయి. రెండింటిలోనూ పల్లెవెలుగు ఉంది. టికెట్ మీద సున్నా ఉన్నా, ఆ ప్రయాణం విలువ టికెట్ మెషీన్లో నమోదవుతుంది. ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సిన డబ్బుకు ఆ జీరో టికెట్టే ఆధారం. ఆ డబ్బు సమయానికి వస్తోందా లేదా అన్నది వేరే గొడవ, అది అసెంబ్లీలో తేలాలి. ఊరి స్థాయిలో మాత్రం జీరో టికెట్ అంటే ఒక సాక్ష్యం.

కానీ జరుగుతున్నదేమిటి? రెండు స్టాపుల దూరమే కదా అని కొందరు అక్కలు టికెట్ తీసుకోరు. రద్దీలో కండక్టరు కూడా పట్టించుకోడు. ‘ఫ్రీయే కదా, కాగితం ఎందుకు’ అంటారు. కూలికి వెళ్లే ఇరవై మంది అలా దిగిపోతే, ఆ ట్రిప్పులో ఆ ఇరవై మంది లేనట్టే. మగవాళ్లలో కొందరిది ఇంకో అలవాటు, టికెట్ లేకుండా ఎంతో కొంత చేతిలో పెట్టి దిగిపోవడం. రెండింటి ఫలితం ఒకటే. బస్సు నిండా జనం, మెషీన్లో మాత్రం ఖాళీ. మా మహిళా సంఘాల సమావేశాల్లో ఈ ఒక్క విషయం మీదే ఎక్కువసేపు మాట్లాడతాం. ఆధార్ చూపించండి, టికెట్ అడిగి తీసుకోండి, దిగేదాకా దగ్గర పెట్టుకోండి. ధర్నా కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందంటే మొదట నవ్వుతారు.

అపోహ: రాస్తారోకో చేస్తే తప్ప వినరు.

కొన్నిసార్లు వింటారు, కాదనను. పేపర్లో ఫోటో వస్తుంది, రెండో రోజు బస్సు వస్తుంది, రెండో వారం మళ్లీ మాయం. రాస్తారోకోలో ఆగేది ఎవరి బస్సు? పక్క ఊరివాళ్ల పల్లెవెలుగు. ఆసుపత్రికి పోయే ముసలావిడ, పరీక్షకు పోయే పిల్లాడు అందులో ఉంటారు. వాళ్లు మన వైపు ఉండాల్సినవాళ్లు. బస్సు అద్దం పగిలితే ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం, 1984 ఉంది. కేసు పడేది నాయకుడి మీద కాదు, ముందు వరసలో నిలబడ్డ డిగ్రీ కుర్రాడి మీద. రేపు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో వెళ్లినప్పుడు అది అడ్డు తగులుతుంది.

బస్సు ముందు కాకుండా డిపో గేటు పక్కన కూర్చోండి, దారి వదిలి. పిల్లలు పుస్తకాలతో, బస్ పాసులతో కూర్చుంటే ఇంకా మంచిది. అదీ అన్ని కాగితాలూ ఇచ్చాక, జవాబు రాకపోతేనే.

అపోహ: ఎమ్మెల్యే లెటర్ తెస్తే పని అయిపోయినట్టే.

ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద రోజుకు ఎన్ని సిఫార్సులు బయటికి పోతాయో డిపోలో అందరికీ తెలుసు. ‘తగు చర్య నిమిత్తం’ అని రాసిన కాగితం ఫైల్లోకి పోతుంది. ఆ కాగితం వెనక ఏముందన్నదే ముఖ్యం. ఏ స్టాపు, ఏ టైము, ఎంతమంది విద్యార్థులు, వాళ్ల పాస్ నంబర్లు, ఏ కాలేజీ, ఆసుపత్రి, సంత... ఇవన్నీ ఒక పేజీలో ఉంటే డీఎం గారికి కూడా పైకి రాయడానికి ఆధారం దొరుకుతుంది. ‘మా గ్రామానికి బస్సు సౌకర్యం కల్పించగలరని ప్రార్థన’ అన్న వాక్యంతో ఆయన ఏమీ చేయలేడు.

నాయకుడి నుంచి కావాల్సింది సిఫార్సు కాదు, అసెంబ్లీలో ప్రశ్న. రోడ్డు రవాణా సంస్థల చట్టం 1950లో రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చదవాలి. సెక్షన్ 18 ప్రజలకు చాలినంత, సమర్థమైన రవాణా కల్పించడం సంస్థ బాధ్యత అంటుంది. సెక్షన్ 22 వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. అధికారి రెండోది చూపిస్తాడు, మనం మొదటిది చూపించాలి. ఈ రెంటి మధ్య తేల్చాల్సింది ప్రభుత్వం. సెక్షన్ 34 కింద సంస్థకు ఆదేశాలిచ్చే అధికారం దానికుంది. అందుకే ఊరి బస్సు చివరికి రాజకీయ విషయమే. ‘దీన్ని రాజకీయం చేయొద్దు’ అనేవాళ్ల మాట నాకు రుచించదు. పార్టీలు కలపకుండా రాజకీయం చేయవచ్చు. కమిటీలో అన్ని పార్టీలవాళ్లూ ఉండేలా చూడండి, జెండాలు ఇంటి దగ్గర వదిలి రమ్మనండి.

గ్రామసభ తీర్మానాన్ని తక్కువగా చూడకండి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారులే. ‘సంతకం ఎవరు పెడతారు’ అని చాలా ఊళ్లు ఆగిపోయాయి. తీర్మానం చేసేది సభ. సర్పంచ్ లేకపోయినా సభ పెట్టమని ప్రత్యేకాధికారిని అడగొచ్చు. ఆ తీర్మానం కాపీతో సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్తే దానికో నంబరు పడుతుంది. నంబరు పడిన దానికి ఎప్పుడో ఒకప్పుడు జవాబు రాయాలి.

అపోహ: పెద్దవాళ్లకు ఒక ఉత్తరం రాస్తే చాలు.

2021లో రంగారెడ్డి జిల్లాలో ఎనిమిదో తరగతి విద్యార్థిని ఒకమ్మాయి అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారికి ఉత్తరం రాసింది. ఆయన ఆర్టీసీకి చెప్పారు, ఆగిన బస్సు మళ్లీ నడిచింది. ఆ పాపకు దండం పెట్టాలి. కానీ బస్సు లేని ప్రతి ఊరికీ ఒక ప్రధాన న్యాయమూర్తి దొరకడు. ఆ ఉత్తరం నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది: బస్సు లేకపోతే చదువుకు ఏమవుతుందో చదివే పిల్లే సూటిగా చెప్పడం. మన వినతిపత్రాల్లో లేనిది అదే.

అపోహ: ఆటోవాళ్లే మన శత్రువులు.

కాదు. ఆ ఆటో నడిపేవాడు మన ఊరి కుర్రాడే, ఫైనాన్స్ కిస్తీ కట్టుకోవాలి. ఉచిత బస్సు వచ్చాక వాళ్ల రాబడి దెబ్బతిన్నదీ నిజమే. బస్సుకు ఐదు నిమిషాల ముందు ఆటో పెట్టి జనాన్ని ఎత్తుకోవడం మాత్రం ఆపించాలి. అది పంచాయతీలో కూర్చుని తేల్చుకునే విషయం. పొద్దున, సాయంత్రం బస్సుకు వదిలేయడం, తండాల నుంచి స్టాపుకు ఆటోలు తిప్పుకోవడం లాంటి ఒప్పందం కుదిరిన చోట రెండూ నిలబడ్డాయి.

అపోహ: ప్రైవేటుకు ఇస్తే ఊరూరికీ బస్సొస్తుంది.

2019లో తెలంగాణలో 52 రోజుల ఆర్టీసీ సమ్మె జరిగినప్పుడు 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది, అది అమలు కాలేదు. ప్రైవేటు బస్సు హైవే మీద, జనం ఉన్న టైములో తిరుగుతుంది. చివరి ఆరు కిలోమీటర్లకు అది కూడా రాదు. ఆర్టీసీ కింద అద్దె బస్సులు వేరే విషయం, రూటూ టైమూ సంస్థ చేతిలోనే ఉంటాయి.

‘ఆర్టీసీ సర్కారులో కలిసిపోయింది, ఇక రద్దు చేయలేరు’ అనేదీ ఇలాంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలోకి వచ్చారు. తెలంగాణలో 2023లో విలీన బిల్లు అసెంబ్లీలో పాసయ్యింది. ఇవి ఉద్యోగుల సంగతులు. డిపోలో ఈపీకే లెక్క అలాగే ఉంది.

అపోహ: నైట్ హాల్ట్ అడగడం అత్యాశ.

రాత్రి ఊళ్లో పడుకుని తెల్లవారుజామున బయల్దేరే బస్సు ఊరికి ప్రాణం. కూరగాయల రైతు, పట్నంలో కూలికి పోయేవాళ్లు, మొదటి రైలు అందుకోవాల్సినవాళ్లు దానిమీదే ఆధారపడతారు. అది పోవడానికి ఓఆర్ ఒక్కటే కారణం కాదు. డ్రైవరు, కండక్టరు బస్సులోనే దోమల మధ్య పడుకుంటారు, మరుగుదొడ్డి ఉండదు. ఎవరైనా ఎన్నాళ్లు ఒప్పుకుంటారు? పంచాయతీ భవనంలో ఒక గది, ఫ్యాను, నీళ్లు, వాడుకోదగ్గ బాత్రూమ్ చూపించి, ఫోటోలతో సహా డిపోకు రాసి ఇవ్వండి. బస్సు తిప్పుకోవడానికి చోటు ఉందా, చెట్ల కొమ్మలు, కిందికి వేలాడే కరెంటు తీగలు ఉన్నాయా అన్నది కూడా ముందే సరిచేయాలి. రూట్ సర్వేకు వచ్చినవాళ్లు మొదట చూసేది ఇవే.

సర్పంచ్ అభ్యర్థి ‘బస్సు తెస్తా’ అన్నప్పుడు అడగాల్సింది కూడా ఇదే. సర్పంచ్ బస్సు వేయలేడు. గది ఇవ్వగలడు, కొమ్మలు కొట్టించగలడు, కల్వర్టు కోసం ఇంజనీరు వెంటపడగలడు, మొదటి గ్రామసభలోనే తీర్మానం పెట్టగలడు. ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి.

అపోహ: బస్సొచ్చింది, ఇక కమిటీ పని అయిపోయింది.

కొత్తగా వేసిన ట్రిప్పును కొన్నాళ్లు గమనిస్తారు. ఆ నెలల్లో బైకులు ఇంట్లో పెట్టి బస్సెక్కాలి. నోటు పుస్తకం ఆపకూడదు. డీఎం బదిలీ అయితే కొత్తాయన్ని వారంలోపే కలవాలి. తీర్మానం కాపీ, ప్రజావాణి నంబరు, పుస్తకం జిరాక్సులు ఒక ఫైల్లో పట్టుకెళ్లాలి. ముందాయన నోటిమాటగా ఒప్పుకున్న టైమింగు కొత్తాయనకు తెలిసే అవకాశం లేదు. అది షెడ్యూలులో ఎక్కిందో లేదో అక్కడే అడిగి, చూసుకుని రావాలి.