కీమో చుక్కలు వేస్తుంటే కన్ను ఎర్రబడిందా? ఆపే ముందు ఒక్క ఫోన్ చేయండి

"చుక్కలు వేశాక కన్ను నిప్పులా అయిపోయింది మేడమ్, క్యాన్సర్ ఎక్కువవుతోందేమోనని భయమేసి ఆపేశాం." కంటి పైపొర క్యాన్సర్‌కి కీమో చుక్కలు వేసుకునే వాళ్ళ నోట ఓపీలో ఈ మాట వినీ వినీ రాస్తున్నా. భయపడిన వాళ్ళని నేనేమీ అనను, అద్దంలో అలాంటి కన్ను చూసుకుంటే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ "నాకు తెలిసినాయనకి ఆ మందుతో కన్నే పోయింది" అని చెప్పి ఆపించే వాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

అపోహ: ఎర్రబడిందంటే మందు పడలేదు, లేదా గడ్డ పెరుగుతోంది.

వాస్తవం: కంటి పైపొర క్యాన్సర్‌కి వేసే మైటోమైసిన్, ఫైవ్ ఎఫ్‌యూ రెండూ గబగబా పెరిగే కణాల్ని చంపే మందులు. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పైపొర కూడా ఎప్పటికప్పుడు రాలి కొత్తది పుడుతుంటుంది, కాబట్టి దెబ్బ దానికీ తగులుతుంది. ఎరుపు, మంట, నీళ్ళు కారడం, వెలుగు చూడలేకపోవడం, రెప్ప చర్మం కమిలి పొట్టు లేవడం అన్నీ అందుకే. ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి లైట్‌లో చూస్తే కార్నియా నిండా ఆకుపచ్చ చుక్కలు సన్నగా చల్లినట్టుంటాయి, మందు ఆపిన వారాల్లో చాలామందికి అవి తగ్గిపోతాయి. ఫైవ్ ఎఫ్‌యూ సాధారణంగా ఒక వారం రోజుకి 4 సార్లు వేసి తర్వాత 3 వారాలు ఆపమంటాం, మైటోమైసిన్‌కి కూడా ఇలాగే వేసే వారం, ఆపే వారం ఉంటాయి. ఆ గ్యాప్ కూడా వైద్యంలో భాగమే, మంచి కణాలు కోలుకునేది అప్పుడే.

ఒకాయన మొదటి కోర్సు అయ్యాక ఎవరో చెప్పారని మళ్ళీ మొదలుపెట్టలేదు, ఎరుపు తగ్గింది కాబట్టి నయమైందనుకున్నాడు, నెలల తర్వాత వచ్చేసరికి తెల్లగుడ్డు మీద ఉన్న గడ్డ నల్లగుడ్డు మీదకి పాకింది. ఇంకొకావిడ దీనికి పూర్తిగా ఉల్టా, త్వరగా తగ్గాలని గ్యాప్ లేకుండా మైటోమైసిన్ వేసుకుంటూ పోయింది. నల్లగుడ్డు అంచున కార్నియాకి కొత్త పొరనిచ్చే మూలకణాలు ఉంటాయి, అవి దెబ్బతింటే చూపు మసకబారిపోతుంది, మళ్ళీ తెప్పించడం చాలా కష్టం. ఆపినా, ఆపకుండా వేసినా సొంత నిర్ణయం వద్దనేది అందుకే. ఫోన్ చేయండి, గ్యాప్ పెంచుతాం, ప్రిజర్వేటివ్ లేని టియర్ డ్రాప్స్ ఇస్తాం, అవసరమైతే మందే మారుస్తాం. ఇంటర్‌ఫెరాన్ చుక్కలు ఇంత మండవు, కాకపోతే నెలల తరబడి వేయాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి. తట్టుకోలేని నొప్పి, చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రండి. మెడికల్ షాపులో ఎర్రకంటికని స్టిరాయిడ్ చుక్కలు కొని వేసుకోకండి ప్లీజ్.

చుక్క వేసే ముందు రెప్పల చర్మానికి కాస్త వాజలిన్ రాయండి, వేశాక ముక్కు దగ్గరి కంటి మూలని రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోండి. కొందరికి కంటి మూలలో కన్నీరు దిగే రంధ్రానికి మేం ప్లగ్ (చిన్న బిరడా) పెట్టేది కూడా మందు ముక్కులోకి దిగకుండా ఉండటానికే, అదేదో అడ్డమనుకుని తీయమని అడగకండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. డ్రై ఐ, అంటే కన్ను పొడిబారింది అని చెప్తే "నీళ్ళు కారుతున్నాయి కదా, డ్రై ఐ ఎలా అవుతుంది" అంటారు, పైపొర పొడిబారి గుచ్చుకుంటే కన్ను రిఫ్లెక్స్‌గా నీళ్ళు వదులుతుంది అంతే, పైగా మైటోమైసిన్‌తో కన్నీటి నాళం మూసుకుపోయినా నీళ్ళు కారతాయి, అందుకే చూపించుకోవాలి. కీమో చుక్కలు వేస్తే తల వెంట్రుకలు రాలవు.

క్యాన్సర్‌కి కంటి దగ్గర ఇచ్చే రేడియేషన్ సంగతి వేరే. "అప్పుడేం కాలేదు, ఇక ఏమీ కాదు" అనుకోకండి, డ్రైనెస్ నెలలకో ఏడాదికో మొదలవ్వచ్చు, ఎందుకంటే కన్నీటి గ్రంథి, రెప్పల్లోని నూనె గ్రంథులు మెల్లగా ఎండిపోతాయి. ఒక్కోసారి కార్నియాకి స్పర్శ కూడా తగ్గుతుంది, అలాంటి కంట్లో పుండు పడినా నొప్పి తెలీదు. కాబట్టి రేడియేషన్ అయిన వాళ్ళు నొప్పి లేదని చెకప్ మానేయకండి.