ఎంత బిగించాలి? తేలిక బరువుతో కండ పెంచే పద్ధతి వెనుక కథ

తొడ మొదట్లోనో చంక కిందో పట్టీ బిగించి, మామూలుగా ఎత్తే బరువులో సగం కూడా లేనిదాన్ని పదేపదే ఎత్తడం ఇప్పుడు జిమ్ములకూ ఫిజియోథెరపీ గదులకూ కొత్త కాదు. దీన్నే బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్, పొట్టిగా బీఎఫ్ఆర్ అంటున్నారు. పట్టీ వల్ల ధమనిలో వచ్చే రక్తం కొంత తగ్గుతుంది, సిరల్లో తిరిగి వెళ్లే రక్తం చాలావరకు ఆగుతుంది. కండరం ఉబ్బి, మండి, తేలిక బరువుకే అలసిపోతుంది. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఎంత బిగించాలన్న దగ్గరే. ఆ ప్రశ్న ఈ పద్ధతితోపాటే పుట్టింది.

1966లో జపాన్‌లో యోషియాకి సాటో అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఒక బౌద్ధ కర్మకాండలో మోకాళ్లు మడిచి చాలాసేపు కూర్చున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. పిక్కలు పిసుక్కుంటుంటే, బరువులతో పిక్కల వ్యాయామం చేశాక వచ్చే బిగువే చేతికి తగిలింది. రక్తం నిలిచిపోవడమే కారణమేమోనని సైకిలు ట్యూబులు, తాళ్లు కట్టుకుని తన ఒంటిమీదే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఎక్కువ బిగిస్తే ఏమవుతుందో త్వరగానే తెలిసింది. ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరి ప్రాణం మీదికి వచ్చింది. ఈ పద్ధతి మొదటి బాధితుడు దాన్ని కనిపెట్టినవాడే.

1973లో స్కీయింగ్ ప్రమాదంలో అతని చీలమండ విరిగింది, మోకాలూ దెబ్బతింది. కట్టు వేసిన కాలికి పైన, తొడకు పట్టీ బిగించి, కాలు కదపకుండానే కండరాన్ని బిగబట్టి వదులుతూ వచ్చాడు. కట్టులో ఉన్న కాలు సన్నబడాలి కదా, ఇది పెద్దగా సన్నబడలేదు. 1983 నుంచి బయటివాళ్లకు నేర్పాడు. పెట్టిన పేరు కాట్సు, అంటే ఒత్తిడి చేర్చడం.

ప్రయోగశాలలు దీన్ని పట్టించుకున్నది 1990ల్లో, టోక్యో విశ్వవిద్యాలయంలో నావోకాటా ఇషీ బృందంతో. 2000లో తకరాడా, ఇషీ తదితరులు వెలువరించిన అధ్యయనంలో పెద్ద వయసు స్త్రీలు 16 వారాలు మోచేతి వ్యాయామం చేశారు. పట్టీ కట్టి సుమారు సగం బరువుతో చేసినవాళ్లకు, పట్టీ లేకుండా 80 శాతం బరువుతో చేసినవాళ్లకు కండ దాదాపు ఒకేలా పెరిగింది. ఇక్కడ శాతమంటే ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో శాతం. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో 20 శాతం బరువుతో కాలి వ్యాయామం చేశాక రక్తంలో గ్రోత్ హార్మోన్ సుమారు 290 రెట్లు పెరిగినట్టు తేలింది.

ఆ 290 అంకె చేసిన మేలుకంటే గందరగోళమే ఎక్కువ. హార్మోన్ ఉప్పెన వల్లే కండ పెరుగుతోందన్న మాట పాకిపోయింది. వ్యాయామం తర్వాత కాసేపు పెరిగే హార్మోన్‌కూ కండ పెరుగుదలకూ పొంతన లేదని తర్వాతి పరిశోధనలు చూపాయి. అసలు పని కండరంలోపలే జరుగుతుంది. ఆక్సిజన్ తగ్గి, వ్యర్థాలు పేరుకుని, చిన్న నార త్వరగా అలసిపోతే, బరువు తేలికే అయినా పెద్ద నార పనిలోకి దిగక తప్పదు. 2007లో ఫుజిటా బృందం 20 శాతం బరువుతోనే కండరంలో ప్రోటీన్ తయారీ 46 శాతం పెరిగిందని చూపింది. ఇంకో మాట: పట్టీ లేకపోయినా 30 శాతం బరువును ఇక ఎత్తలేనంతవరకు ఎత్తితే కండ పెరుగుతుంది. పట్టీ ఆ స్థితిని తక్కువ రెప్స్‌లో (ఎత్తి దించే సార్లలో) తెస్తుంది, అంతే. బలం విషయంలో మాత్రం భారీ బరువుదే పైచేయి.

భద్రత లెక్కలు 2006లో వచ్చాయి. జపాన్‌లో 12,642 మందిపై జరిగిన సర్వేలో చర్మం కింద కమిలినవాళ్లు 13.1 శాతం, తిమ్మిరి వచ్చినవాళ్లు 1.3 శాతం. సిరలో గడ్డ 0.055 శాతం, ఊపిరితిత్తుల్లో గడ్డ 0.008 శాతం. ఇవి శిక్షకుల పర్యవేక్షణలో, ఒత్తిడి చూపే పరికరాలతో వచ్చిన లెక్కలు. ఊరికే సాగే పట్టీని పళ్లతో లాగి కట్టుకునేవాళ్లకు వీటిని వర్తింపజేయడం సరికాదు.

చాలాకాలం అందరికీ ఒకే అంకె నడిచింది: తొడకు 200 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి, అంతే. సన్నటి తొడకు అది ధమనిని పూర్తిగా మూసేయొచ్చు, లావు తొడకు చాలకపోవచ్చు. పట్టీ వెడల్పు మరో చిక్కు. 5 సెంటీమీటర్ల పట్టీకి కావలసిన ఒత్తిడిని 18 సెంటీమీటర్లదానికి పెడితే రక్తం ఆగిపోతుంది, ఎందుకంటే వెడల్పు పట్టీ తక్కువ ఒత్తిడితోనే ధమనిని మూస్తుంది. శస్త్రచికిత్సల్లో టూర్నికే (రక్తం ఆపే పట్టీ) వాడేవాళ్లకు ఇది పాత సంగతే. అక్కడినుంచే ఇప్పటి పద్ధతి వచ్చింది. కాలికైతే చీలమండ లోపలి పక్క, చేతికైతే మణికట్టు దగ్గర డాప్లర్ (ధమనిలో రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం) పెట్టి, నాడి చప్పుడు ఆగేదాకా నెమ్మదిగా గాలి కొట్టాలి. ఆగిన అంకె ఆ మనిషికి నూరు శాతం. 2019లో పరిశోధకుల బృందం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అందులో 40 నుంచి 80 శాతం చాలు. చప్పుడు 180 దగ్గర ఆగితే, సగమంటే 90. పడుకుని కొలిచి నిలబడి వ్యాయామం చేస్తే ఆ అంకె చెల్లదు. ఏ భంగిమలో చేస్తారో అందులోనే కొలవాలి, పట్టీ మారితే మళ్లీ కొలవాలి.

బరువు 20 నుంచి 40 శాతం. మొదటి సెట్ 30 రెప్స్, ఆపై మూడు సెట్లు పదిహేనేసి, మొత్తం 75. మధ్య విరామం 30 నుంచి 60 సెకన్లు. సెట్ల మధ్య గాలి తీసేస్తే పేరుకున్న వ్యర్థాలు కొట్టుకుపోతాయి, అందుకే సాధారణంగా పట్టీ అలాగే ఉంచుతారు. వ్యాయామం మారేటప్పుడు మాత్రం వదలాలి, ఒక్కో వ్యాయామానికి 5 నుంచి 10 నిమిషాలు దాటకూడదు. వారానికి రెండు మూడు సార్లు. 75 మరీ తేలిగ్గా అయిపోతే బరువు కొద్దిగా పెంచాలి, బిగింపు కాదు. జనం తరచు తిరగేసి చేసేది ఇదే. పట్టీ చోటు తొడ, చేతుల మొదట్లోనే. మోకాలి వెనక, మోచేతి మడతలో నరాలు పైకే ఉంటాయి, అక్కడ కట్టకూడదు.

మంట మామూలే. వేళ్లు చల్లబడి తెల్లబోతే, సూదులు గుచ్చినట్టుంటే, వెంటనే వదలాలి. గతంలో సిరల్లో గడ్డకట్టినవాళ్లు, గర్భిణులు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్ అనుమతి లేకుండా దీని జోలికి పోకూడదు. రక్తపోటు అదుపులో లేనివాళ్లదీ అదే దారి. 1937లోనే ఆలమ్, స్మర్క్ అనే పరిశోధకులు ఒక సంగతి గమనించారు. పని చేసిన కండరానికి రక్తం ఆపి ఉంచితే, పని ఆగినా పెరిగిన రక్తపోటు దిగదు. పట్టీ వదలనంతసేపూ అలాంటి రోగి రక్తపోటు వ్యాయామం చేస్తున్నప్పటిలా పైనే ఉంటుంది.