కుంచెలో నీళ్లెక్కువా, కాగితంలోనా?

నలభై దాటాక నీటిరంగులు నేర్చుకుందామని వచ్చేవాళ్లలో చాలామందికి మొదటిరోజే చార్మినారో గోల్కొండ కోటో వెయ్యాలని ఉంటుంది. ఆ ఉత్సాహం మంచిదే, కానీ మొదటి క్లాసులో బొమ్మ వద్దు. పెన్సిలూ వద్దు. రంగు ఒక్కటి చాలు. రెండు గంటలూ నీళ్లతోనే గడపాలి. గీతలు సరిగ్గా రాక పెద్దవాళ్ల బొమ్మ చెడిపోవడం అరుదు. ఆకాశంలో మరకలు పడతాయి, చెట్టు ఆకుపచ్చ పక్కనున్న గోడలోకి పాకుతుంది, దిద్దబోతే అంతా బురదవుతుంది. మూడింటికీ మూలం ఒకటే: కుంచెలో ఎంత నీరుంది, కాగితంలో ఎంత నీరుంది అని చూసుకోకపోవడం.

ట్యూబులో ఉండేది ముఖ్యంగా మూడు పదార్థాలు. మెత్తగా నూరిన వర్ణద్రవ్యం, దాన్ని కాగితానికి పట్టి ఉంచే తుమ్మజాతి చెట్టు బంక, ఆ బంక పెళుసుబారకుండా కాస్త గ్లిజరినో తేనో. వర్ణద్రవ్యం చక్కెరలా నీళ్లలో కరిగిపోదు. సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. నీళ్లు ఎటు పారితే అటు పోతుంది, నీళ్లు ఇంకి ఆవిరైన చోట ఆగిపోతుంది. కాబట్టి రంగు ఎక్కడ ఆగాలో తేల్చేది నీళ్లే.

మరి నీళ్లు ఎటు పోతాయి? దీపం వత్తి నూనెను పైకి లాగుతుంది కదా, కాగితంలోని పీచుల మధ్య సందులు కూడా నీటిని అలాగే లాగుతాయి. కుంచె వెంట్రుకల మధ్య సందులూ అంతే. దీన్నే కేశనాళికా చర్య అంటారు. కుంచె కాగితాన్ని తాకిందంటే రెండు వత్తులు ఒకదానికొకటి తగిలినట్టు. ఎక్కువ తడిగా ఉన్నది తక్కువ తడిగా ఉన్నదానికి నీళ్లిస్తుంది. కుంచె తడిగా ఉంటే రంగు కాగితంలోకి దిగుతుంది. కాగితమే ఎక్కువ తడిగా ఉంటే, పిండిన కుంచె కాగితం మీది రంగును పీల్చేస్తుంది. తప్పుగా పడిన రంగును ఎత్తేయడానికి వాడేది ఈ రెండో పద్ధతినే. కుంచె కాగితానికి తగిలే ముందు ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: నీళ్లెక్కువ ఎందులో ఉన్నాయి? నెల రోజులు ఈ ప్రశ్న మానకుండా వేసుకున్నవాళ్లకు మిగతాదంతా తేలికవుతుంది.

కాగితం దగ్గర పెద్దవాళ్ల పొదుపు అడ్డొస్తుంది. “నేర్చుకునేటప్పుడు ఖరీదైనది ఎందుకండీ?” అని బడి పిల్లల డ్రాయింగ్ షీటు తెస్తారు. దాని మీద ఎంత గొప్ప చెయ్యయినా వాష్ (నీళ్లు కలిపిన రంగును పలుచని పొరగా పరచడం) వెయ్యలేదు. మంచి నీటిరంగుల కాగితానికి జెలటిన్ లాంటి పూత పట్టించి ఉంటారు. దానివల్ల నీళ్లు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైన నిలుస్తాయి, ఆ కాసేపట్లోనే మన పనంతా జరగాలి. పూత చాలని కాగితం అద్దుడు కాగితంలా తాగేస్తుంది, అంచులు అక్కడికక్కడే గట్టిపడతాయి. పైగా పీచు తడిస్తే పొడవుకన్నా అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. పలుచని కాగితం అలలుగా లేచి, ఆ గుంటల్లో రంగు మడుగులు కడుతుంది. 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) నూలు కాగితం కొనండి. 22×30 అంగుళాల పూర్తి షీటును ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 11×7.5 అంగుళాలు వస్తుంది. రెండు వైపులా వాడితే పదహారు అభ్యాసాలు. కోఠీ, ఆబిడ్స్ స్టేషనరీ దుకాణాల్లో అడిగేటప్పుడు ‘నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్’ అని రెండు మాటలూ చెప్పండి. కోల్డ్ ప్రెస్ అంటే పైభాగం కాస్త గరుకుగా ఉండే కాగితం. రంగుల్లో పొదుపు చెయ్యొచ్చు, కుంచెల్లో చెయ్యొచ్చు (12వ నంబరు గుండ్రటిది ఒకటి, 6వ నంబరుది ఒకటి చాలు), కాగితంలో మాత్రం వద్దు.

నీళ్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. మన బోరు నీళ్లలో కాల్షియం లవణాలు ఎక్కువ. బకెట్టు అంచున తెల్లటి పొర కట్టేవి అవే. అలాంటి గట్టి నీళ్లలో కొన్ని రంగుల రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పలుకులుగా పేరుకుంటాయి, వాష్ నున్నగా రాదు. మంజీరా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. రెండు గిన్నెలు పెట్టుకోండి, ఒకటి కుంచె కడగడానికి, రెండోది రంగు కలపడానికి. గిన్నెలకు గిన్నెల సబ్బు మిగిలి ఉండకూడదు. సబ్బు నీటి తలతన్యతను (బొట్టును గుండ్రంగా పట్టి ఉంచే బిగువును) తగ్గిస్తుంది, రంగు గీసిన చోట నిలవకుండా పాకుతుంది.

ఇప్పుడు మొదటి అభ్యాసం. ఎనిమిదో వంతు ముక్క మీద పెన్సిలుతో కాకుండా టేపుతోనే ఎనిమిది గళ్లు చెయ్యండి. అన్ని గళ్లనూ శుభ్రమైన నీళ్లతో ఒకేసారి, సమంగా తడపండి. గడియారం చూసుకుని మొదటి గడిలో వెంటనే, రెండోదాన్లో ఒక నిమిషం తర్వాత, మూడోదాన్లో రెండు నిమిషాల తర్వాత, అలా ఎనిమిదింటిలోనూ ఒకే చిక్కదనం నీలం రంగుతో ఒక్కో చుక్క పెట్టండి. పక్కన నిమిషం రాయండి. మొదటి గడిలో చుక్క పొగలా విచ్చిపోయి ఆచూకీ లేకుండా పోతుంది. మూడు నాలుగు గళ్ల దగ్గర అంచు మెత్తగా ఉంటూనే చుక్క తన చోట తానుంటుంది. చివర్లో అంచు గీసినట్టు నిలుస్తుంది. మేఘం వెయ్యాలంటే మొదటి గళ్ల సమయం, దూరపు కొండకు మధ్య గళ్లది, కిటికీ చువ్వలకు చివరిది. ఆ ముక్కను గోడకు అంటించుకోండి.

కానీ అది ఆ నెలకే పనికొస్తుంది. హైదరాబాదులో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఆగస్టు ఉదయాల్లో 80 శాతం దాటుతుంది. ఎండాకాలంలో మూడు నిమిషాల్లో మెరుపు పోయే వాష్ ముసురు రోజున పావుగంటైనా తడిగానే ఉండొచ్చు. అందుకే ‘అయిదు నిమిషాలు ఆగి రెండో రంగు వెయ్యండి’ అని నేర్పితే సగం ఏడాది తప్పు నేర్పినట్టే. నిమిషాలకన్నా మెరుపును నమ్మాలి. కాగితాన్ని కంటి ఎత్తుకు లేపి, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా చూడండి. మొదట అద్దంలా మెరుస్తుంది. తర్వాత పట్టుచీర మెరుపులా మందగిస్తుంది. ఆ తర్వాత మెరుపు పోతుంది, చూస్తే ఆరినట్టే ఉంటుంది, కానీ ఆరలేదు. అరచేతి వెనక భాగం ఆనించండి, చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది. కుండలో నీళ్లు చల్లబడేది ఎందుకో ఇదీ అందుకే: ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. గది వేడికి వచ్చిందంటేనే ఆరినట్టు. తలమీద సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే ఈ దశలు తారుమారవుతాయి. గాలి తగిలే వైపు ముందే ఆరి, రెండో వైపు తడిగా మిగులుతుంది. వాష్ వేసే అయిదు నిమిషాలూ ఫ్యాను ఆపాల్సిందే, చెమట పట్టినా సరే.

మెరుపు పోయి చల్లగా ఉండే మూడో దశే అసలు ప్రమాదం. బొమ్మల్లో పడే కాలీఫ్లవర్ మరకలు దాదాపు అన్నీ అప్పుడే పుడతాయి. సగం ఆరిన రంగులో నీళ్లెక్కువున్న కుంచె తగిలితే ఆ నీరు చుట్టూ పరుచుకుంటూ, ఇంకా స్థిరపడని రేణువులను ముందుకు నెట్టుకుపోతుంది. ఆగిన చోట వాటిని గట్టులా పోస్తుంది. పంటకాలువ నీళ్లు ఆగిన చోట ఒండ్రు మిగిల్చినట్టు. మరకల అంచు ముదురుగా ఎందుకుంటుందో భౌతికశాస్త్రవేత్తలు కాఫీ చుక్క మీద పరిశీలించారు. 1997లో షికాగో విశ్వవిద్యాలయం బృందం ‘నేచర్’ పత్రికలో వివరించింది: చుక్క అంచు కాగితానికి అతుక్కుపోయి కదలదు, ఆవిరి అంచు దగ్గరే వేగంగా పోతుంది, ఆ లోటు తీర్చడానికి మధ్యలోంచి నీరు అంచుకు పారుతుంది, వస్తూ రేణువులను మోసుకొస్తుంది. టీపాయి మీద చాయ్ మరక చుట్టూ ఉండే వలయమూ ఇదే.

దీని నుంచి తప్పించుకునే సూత్రాన్ని వంటింటి మాటల్లో చెప్పుకోవచ్చు. రంగు కలిపే చిక్కదనాలు మూడు: చారు, మజ్జిగ, దోశపిండి. తడి మీద రెండోసారి వేసే రంగు మొదటిదానికన్నా చిక్కగా ఉండాలి. చారు మీద మజ్జిగ పడొచ్చు, మజ్జిగ మీద చారు పడకూడదు. మరక పడిపోతే? అప్పుడు ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరనివ్వండి, తడి కుంచెతో గట్టు అంచును మెల్లగా తడిమి టిష్యూతో అద్దండి. సగం తడిలో దిద్దితే రెండో మరక పుడుతుంది.

సమమైన వాష్‌కు కావాల్సింది ముందుచూపు. ఎనిమిదో వంతు కాగితానికి రెండు టీ చెంచాల మజ్జిగ చిక్కదనం రంగు ముందే కలిపి పెట్టుకోండి. సరిపోతుందనిపించిన దానికి ఇంకాస్త. మధ్యలో రంగు అయిపోయి మళ్లీ కలిపేలోపు అంచు ఆరి గీత పడుతుంది. కాగితం అంటించిన బోర్డు కింద రెండు వేళ్ల మందం పుస్తకం పెట్టి వాలుగా ఉంచండి. 12వ నంబరు కుంచెను నిండుగా ముంచి, పైన ఎడమ నుంచి కుడికి ఒక్క చాలు లాగండి. కింది అంచున రంగు ఒక బొట్టులా వేలాడాలి. రెండో చాలు ఆ బొట్టును తాకుతూ వెళ్లాలి, బొట్టు కిందికి జారుతూ రావాలి. వెనక్కి తిరిగి పై చాలును ముట్టుకోవద్దు. చివర మిగిలిన బొట్టును పిండిన కుంచెతో పీల్చేయండి, లేదంటే అదే వెనక్కి ఎక్కి మరకవుతుంది. ఆరేదాకా వాలు మార్చొద్దు.

ఆరాక చూస్తే రంగు వెలిసినట్టుంటుంది, అందరూ నిరాశపడేది ఇక్కడే. తడి బట్ట ముదురుగా, ఆరిన బట్ట లేతగా కనిపించడం రోజూ చూసేదే. వెలుగు ఒక పదార్థంలోంచి ఇంకోదాన్లోకి వెళ్లేటప్పుడు వాటి వక్రీభవన గుణకాల (వెలుగును ఎంత వంచుతాయో చెప్పే అంకెల) తేడా ఎంత ఎక్కువైతే అంత చెదురుతుంది. కాగితం పీచుది 1.5 దగ్గర, నీళ్లది 1.33, గాలిది 1. సందుల్లో నీళ్లున్నప్పుడు తేడా తక్కువ, వెలుగు లోపలికి పోయి రంగులో ఇంకుతుంది. నీళ్లు పోయి గాలి చేరగానే వెలుగు ఎక్కువ చెదిరి పైకి తెల్లగా వస్తుంది. కాబట్టి తడిలో ‘కాస్త ముదురైందే’ అనిపించేలా వెయ్యండి. పక్కన అదే కాగితం ముక్క మీద చుక్క వేసి ఆరబెట్టి చూసుకుంటే అనుమానం ఉండదు.

రెండో నెలలో బొమ్మ మొదలుపెట్టొచ్చు. మనకు చార్మినారుకన్నా మంచి మొదటి పాఠం ఊరినిండా ఉంది: దుర్గం చెరువు పక్కనా ఖాజాగూడలోనూ కనిపించే బండరాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు, గుండ్రంగా అరిగి, బూడిదరంగుకూ లేత గులాబీకీ మధ్య ఉంటుంది. దీనికి రెండే రంగులు కావాలి, అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా. ట్యూబు మీద పేరు కంపెనీని బట్టి మారుతుంది గనక దాని మీదే ఉండే వర్ణద్రవ్యం కోడ్ చూడండి, నీలానికి పి.బి.29, సియెన్నాకు ఎక్కువగా పి.బి.ఆర్.7. తెల్లబట్టలకు నీలం పెట్టే పాతకాలపు పొడిలో ఉండేదీ ఈ అల్ట్రామెరీనే. పసుపెక్కిన బట్టకు నీలం తోడై పసుపును అణిచేస్తుంది. అలాగే నారింజ ఛాయ సియెన్నాకు నీలం తోడైతే రెండూ ఒకదాన్నొకటి అణుచుకుని బూడిదరంగు వస్తుంది. సియెన్నాలో ఉండేది ఇనుము ఆక్సైడు, మన ఎర్రనేలల రంగూ దానిదే. పైగా ఈ రెండు రంగుల రేణువులూ కాగితం గుంటల్లో విడివిడిగా పేరుకుంటాయి, రాతి గరుకు దానంతటదే వస్తుంది. నల్లరంగుతో బూడిద కలిపితే ఆ ప్రాణం రాదు.

రాయి ఆకారం పలుచగా గీసి, ఎండ పడే పై అంచును పొడిగా వదిలి మిగతా అంతా తడపండి. మెరుపు పట్టుచీరలా మందగించాక ఎండవైపు సియెన్నాను మజ్జిగలా, నీడవైపు నీలాన్ని అంతకన్నా చిక్కగా పెట్టండి. రెండూ ప్యాలెట్‌లో కాదు, కాగితం మీద కలవాలి. బోర్డును ఒకసారి అటూ ఇటూ వంచి వదిలేయండి, కుంచెతో కలియబెట్టొద్దు. చుక్కచుక్కల గరుకు ఇంకాస్త కావాలంటే అప్పుడే అయిదారు ఉప్పు రవ్వలు చల్లండి. ఒక్కో రవ్వ చుట్టూ నీటిని లాక్కుని చిన్న నక్షత్రం చేస్తుంది. అద్దం మెరుపులో చల్లితే ఉప్పు కరిగిపోతుంది, మెరుపు పోయాక చల్లితే ఏమీ జరగదు. వానాకాలంలో ఉప్పు జోలికి వెళ్లొద్దు, కాగితంలో మిగిలిన కాస్త ఉప్పు గాలిలో తేమ లాగి బొమ్మను తడిగానే ఉంచుతుంది.

చెయ్యి వెనక భాగానికి చల్లదనం తగలకుండా ఆరాక ఉప్పు దులపండి. 6వ నంబరు కుంచెతో పగుళ్లు రెండో మూడో గీయండి, మొత్తం రాయి చుట్టూ కాదు, నీడవైపే. చివరిగా నేల మీద పడే నీడ: నీలం పాలెక్కువున్న బూడిదరంగును మజ్జిగలా కలిపి, రాయి మొదలు నుంచి ఒక్క లాగులో వెయ్యండి. రాయికి తగిలే అంచు గట్టిగా ఉండాలి. దూరపు అంచు ఆరకముందే పిండిన కుంచెను దాని వెంబడి ఒక్కసారి నడిపి మెత్తబరచండి.