పది సెంట్ల ప్లేటు, పేరు లేని గొంతు

ఫోన్‌లో పాత పాట పెడితే సినిమా పేరు, హీరో బొమ్మ కనిపిస్తాయి. వీణ ఎవరు వాయించారో, కోరస్‌లో ఎవరెవరున్నారో చాలాసార్లు కనిపించదు. పాట చవగ్గా చేతికొచ్చినప్పుడల్లా పేర్లు రాలిపోవడం గ్రామఫోను కాలం నుంచీ ఉంది.

1914లో అమెరికాలో రెండు వైపులా పాటలున్న పది అంగుళాల గ్రామఫోను ప్లేటు కొలంబియా కంపెనీది 65 సెంట్లు, విక్టర్ కంపెనీది 75. కూలి డబ్బులతో గడిచే ఇంట్లో అది ఆలోచించుకుని కొనాల్సిన వస్తువు. ఆ ఏడే హెన్రీ వాటర్‌సన్ 'లిటిల్ వండర్' రికార్డులు తెచ్చాడు. ఇతను పాటల స్వరప్రతులు అచ్చేసి అమ్మే వ్యాపారి, పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్‌కు భాగస్వామి. ప్లేటు ధర 10 సెంట్లే.

అడ్డంగా ఐదున్నర అంగుళాలు, ఒకవైపే పాట. రెండు నిమిషాలు కూడా నిండని ఆ జాగాలో పాటను కుదించి పాడాల్సిందే. మొదట్లో కాగితం లేబుల్ కూడా లేదు, అక్షరాలు ప్లేటు చేసిన లక్కలోనే అచ్చుపడేవి. హైదరాబాద్ లాడ్ బజార్ గాజులకు వాడే లక్కే ఇది. అప్పట్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే వెళ్లేది.

ఈ ప్లేట్లు తయారుచేసింది కొలంబియానే, కానీ ఆ సంగతి పైకి చెప్పలేదు. పాడింది కూడా దాని గాయకులే. వాళ్ల పేర్లుండాల్సిన చోట 'టెనార్' (హెచ్చు స్థాయి మగ గొంతు), 'బారిటోన్' (దానికంటే కింది స్థాయి మగ గొంతు), 'బ్యాండ్' అని ఉండేది. అప్పటికే న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో పేరు మోగుతున్న గాయకుడు ఆల్ జోల్సన్ పాడిన ప్లేటు మీదా ఆయన పేరు లేదు. ఖర్చు తగ్గించడానికే అనుకుందామా? పాట పేరు అచ్చేసిన చోట ఇంకో వరుస వేస్తే అదనంగా అయ్యేదేముంది? పది సెంట్లకే ఫలానా గాయకుడు దొరుకుతాడని తెలిస్తే 65 సెంట్ల సరుకు కదలదని భయపడి ఉంటారని నా నమ్మకం. ఆ భయానికి మూల్యం చెల్లించింది పాడినవాళ్లు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

లక్షల కొద్దీ అమ్ముడయ్యాయి. 1917 నుంచి ఇదే కొలత ప్లేట్లు మూడేసి చొప్పున 'బబుల్ బుక్స్' అనే పిల్లల పుస్తకాల్లోనూ వచ్చాయి. 1923కల్లా లిటిల్ వండర్ ఆగిపోయింది.

ఇప్పుడు సేకర్తలు ఆ చిన్న ప్లేటునూ, అదే కాలపు కొలంబియా ప్లేటునూ ఒకదాని తర్వాత ఒకటి వేసి గొంతులు పోల్చుకుంటూ పేర్లు రాసుకుంటున్నారు. కొందరు మాత్రం ఇంకా 'టెనార్'గానే ఉండిపోయారు.