అపోహలు - వాస్తవాలు: పేరు ఎక్కితే పని పోతుందా?

పోయిన వారం రాత్రి ఎనిమిదిన్నరకు ఒక రైసు మిల్లు కూలీ భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, నా పేరు ఈఎస్ఐలో ఎక్కించకండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు. ఎందుకయ్యా అంటే, ఈఎస్ఐలో, అంటే కార్మికుల ఆరోగ్య బీమాలో, పేరు ఎక్కినవాళ్ళను ఆర్నెల్లలో తీసేస్తారని మిల్లు పక్కన టీ కొట్టులో ఎవరో చెప్పారట. ఎవరు చెప్పారు, ఇప్పటిదాకా ఎవరిని తీసేశారు అంటే జవాబు లేదు. ఆవిడ మాత్రం మాట్లాడకుండా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఒడిశాలోని రాయగడలో ఇరవై రెండేళ్ళుగా చిన్న మిల్లులకు, బట్టల షాపులకు, కాంట్రాక్టర్లకు జీతాల లెక్కలు, పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు చూస్తున్నాను. ఈ మాట వినని నెల లేదు. గుణుపురం నుంచి వచ్చేవాళ్ళకూ ఇదే భయం, పార్వతీపురం వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్ళకూ ఇదే భయం. కోపంగానే రాస్తున్నాను. నా కోపం పుకారు పుట్టించేవాళ్ళ మీద. అది నమ్మి నిద్ర పోగొట్టుకునేవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: పేరు ఎక్కితే జీతం కోత పడుతుంది, ఓనరుకు భారం అవుతుంది, చివరికి పని పోతుంది.

వాస్తవం: ముందు లెక్క చూడండి. ఒడిశాలో 2024లో నైపుణ్యం లేని పనివారి కనీస రోజుకూలిని 352 నుంచి 450 రూపాయలకు పెంచారు. ఆ పైన కరువు భత్యం కలుస్తుంది, దాన్ని పక్కన పెడదాం. 450 చొప్పున 26 రోజులకు 11,700. 2019 జులై నుంచి ఈఎస్ఐలో కూలీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే కూలీకి నెలకు 88 రూపాయలు, ఓనరుకు 381. అంతకుముందు ఇద్దరిదీ కలిపి 6.5 శాతం ఉండేది, దాన్ని 4 శాతానికి దించారు. భారం తగ్గిన తర్వాత కూడా భయం మాత్రం తగ్గలేదు.

ఇక్కడ ఒక మోసం ఉంది, చెప్పాలి. కొందరు ఓనర్లు తమ 381 కూడా కూలీ జీతంలోంచే కోసేస్తారు. స్లిప్పులో కోత 88 ఉండాల్సిన చోట 469 ఉంటే అదే జరిగిందని అర్థం. అది నేరం. ఈఎస్ఐ కట్టాల్సి వచ్చిందని జీతం తగ్గించడానికీ వీల్లేదు. ఇవన్నీ 1948 ఈఎస్ఐ చట్టం నాటి నుంచీ ఉన్న నియమాలే.

ఆ 88 రూపాయలకు ఏమొస్తుంది? మనిషికీ, ఇంట్లోవాళ్ళకూ వైద్యం. మన దగ్గర జేకేపూర్‌లోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. జబ్బు చేసి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. 450 కూలికి అది రోజుకు 315. ఇది పేరు ఎక్కిన మర్నాటి నుంచే రాదు. కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో, అంటే వాటా లెక్క చూసే ఆర్నెల్లలో, 78 రోజులకు కట్టి ఉండాలి. అందుకే కొందరు కాంట్రాక్టర్లు 78 రోజులు నిండకముందే పేరు తీసి, పది రోజులాగి మళ్ళీ కొత్తగా ఎక్కిస్తారు. పేరు ఎక్కితే పని పోతుందన్న పుకారు ఇలాంటి చోటే పుట్టిందని నా అనుమానం. తీసింది చట్టం కాదు, ఆ కాంట్రాక్టరు. జబ్బు భృతి తీసుకుంటున్న రోజుల్లో మనిషిని పనిలోంచి తీసేయకూడదని కూడా 1948 చట్టంలోనే రాశారు.

పనిలో దెబ్బ తగిలితే 78 రోజుల లెక్క అసలే లేదు. చేరిన మొదటి రోజు ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. జీతంలో 90 శాతం ఇస్తారు.

ఒక ఉదయం ఆరు గంటలకు ఒక మిల్లు ఓనరు నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఒక కుర్రాడి పేరు నిన్నటి డేటుతో ఎక్కించండి, అర్జెంటు" అన్నాడు. గొంతు వణుకుతోంది. విషయం ఏమిటంటే రాత్రి షిఫ్టులో పంతొమ్మిదేళ్ళ కుర్రాడి చెయ్యి బెల్టులో పడింది. రెండు వేళ్ళు పోయాయి. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, తొమ్మిది మంది, పనిలో పదిహేను మంది. ఆ ఆరుగురిలో ఒకడు ఈ కుర్రాడు. పాత డేటు వేయనన్నాను. ఆయన నన్ను తిట్టాడు, తర్వాత ఏడ్చాడు. తొమ్మిది దగ్గరే ఆపితే ఈఎస్ఐ రాదని ఆయనకు ఎవరో సలహా ఇచ్చారట. రెండేళ్ళు కేసు నడిచింది, ఆయన లారీ అమ్ముకున్నాడు. ఆ కుర్రాడి తల్లి ఇప్పటికీ సంతలో కనపడితే "బాబూ, అప్పుడే పేరు రాసుంటే బాగుండేది కదా" అంటుంది. నా దగ్గర జవాబు లేదు. ఆ మిల్లులో తలలు ఎక్కువున్నాయని నాకు తెలుసు. గట్టిగా ఒకసారి చెప్పి ఊరుకున్నాను. రెండోసారి చెప్పాల్సింది.

ఈ తొమ్మిది లెక్క అందరినీ ముంచుతుంది. పది మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. లెక్కించేది మస్టరులో పేర్లను కాదు, పనిలో ఉన్న మనుషులను. ఒకసారి వర్తించాక తర్వాత ఎనిమిదికి దిగినా, ఆరుకు దిగినా కట్టాల్సిందే. కాబట్టి ఈఎస్ఐ తప్పించుకోవడానికి మనుషులను తీసేసే ఓనరుకు పైసా మిగలదు, వాళ్ళ పని మాత్రం పోతుంది. నేను చూసిన ఉద్యోగ నష్టంలో ఎక్కువ భాగం ఇదే. అమెరికాలోనూ 2010 ఆరోగ్య చట్టంలో, 50 మంది ఫుల్ టైం ఉద్యోగులుంటే ఓనరు ఆరోగ్య బీమా చూడాలనే గీత ఉంది, వారానికి సగటున 30 గంటలు, ఆపైన చేస్తే ఫుల్ టైం. ఆ గీత దాటకుండా ఉండాలని చూసేవాళ్ళు అక్కడా ఉన్నారు. తేడా ఏమిటంటే అక్కడ ఆ లెక్క ఏటేటా కొత్తగా వేస్తారు. ఇక్కడ ఒకసారి దాటితే దాటినట్టే.

ఓనర్లు ఇంకో లెక్క కూడా చూడాలి. ఈఎస్ఐలో ఉన్న కూలీకి పనిలో ఏమైనా అయితే నష్టపరిహారం ఈఎస్ఐ చూసుకుంటుంది. లేకపోతే ఓనరు జేబులోంచే. ముప్పై ఏళ్ళ మనిషి, 11,700 జీతం, పనిలో చనిపోతే చట్టం ఇలా లెక్కిస్తుంది: జీతంలో సగం 5,850, దాన్ని వయసును బట్టి వచ్చే 207.98తో గుణించాలి. 12 లక్షల 16 వేలు దాటుతుంది. నెలకు 381 మిగుల్చుకోవడానికి నెత్తిన పెట్టుకునే బరువు ఇది.

ఆడవాళ్ళ సంగతి. ఒక బట్టల షాపులో పనిచేసే అమ్మాయి అయిదో నెల దాకా చీర కుచ్చిళ్ళు పైకి కట్టుకుని కడుపు దాచింది. ఆరు నెలల జీతం ఇవ్వాల్సి వస్తుందని ఓనరు తీసేస్తాడని భయం. ఓనరుదీ అదే నమ్మకం. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: ఈఎస్ఐ ఉన్న చోట 26 వారాల జీతం ఇచ్చేది ఓనరు కాదు, ఈఎస్ఐ కార్పొరేషన్. ముందరి రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో కలిపి 70 రోజులకు కట్టి ఉంటే చాలు. ఓనరు మొహంలో రంగు మారింది. ఆ అమ్మాయి కాన్పు తర్వాత మళ్ళీ అదే కౌంటరులో చేరింది. పెళ్ళయిన ఆడపిల్లలను పనిలో పెట్టుకోనని చెప్పే షాపువాళ్ళు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

అపోహ: కూలి పెంచితే పనులు పోతాయి.

వాస్తవం: 352 నుంచి 450 అన్నప్పుడు రాయగడ అంతా ఇదే టెన్షన్. సగం మందిని తీసేస్తారన్నారు. నేను లెక్కలు రాసే చోట్ల కూలి పెరిగిందని ఒక్కరినీ తీయలేదు. ధాన్యం వచ్చినప్పుడు మనుషులు కావాలి, రానప్పుడు అక్కర్లేదు. 1992లో అమెరికాలో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచితే, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అక్కడి ఫాస్ట్‌ఫుడ్ షాపులను పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా షాపులతో పోల్చి చూశారు. ఉద్యోగాలు తగ్గినట్టు కనపడలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఎంత పెంచినా ఏమీ కాదని దీని అర్థం కాదు, అర్థశాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. టీ కొట్టులో తేలిపోయే విషయమైతే కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆంధ్రలో ఇల్లుంటే ఆంధ్ర కూలి కాదు, పని ఎక్కడ చేస్తే అక్కడి రేటే. కనీస వేతనం ఇదివరకు చట్టం జాబితాలో (షెడ్యూలులో) ఉన్న పనులకే ఉండేది, 2025 నవంబరు 21న కొత్త వేతనాల కోడ్ అమల్లోకి వచ్చాక ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఈఎస్ఐ దండగ అంటారు. ఆ కార్డు ఆసుపత్రి ఖర్చు చూస్తుంది, మంచాన పడిన రోజుల కూలి ఇవ్వదు. జీతం ఈఎస్ఐ హద్దు 21,000 దాటిన నెలలోనే ఈఎస్ఐ కార్డు పోదు, ఆ కంట్రిబ్యూషన్ పీరియడ్ చివరిదాకా నడుస్తుంది.

ఆ రోజు వచ్చిన దంపతులను కూర్చోబెట్టి కాగితం మీద ఈ 88, 381, 315 అన్నీ రాసి చూపించాను. అతను ఆ కాగితం చాలాసేపు చూశాడు. ఆవిడే ముందు మాట్లాడింది. "పార్వతీపురంలో మా అత్తకు మోకాళ్ళ నొప్పులు బాబూ, ఆవిడ పేరు కూడా రాయొచ్చా?" అంది. వీళ్ళ మీదే ఆధారపడి ఉండి, నెలకు 9,000 లోపు ఆదాయం ఉంటే రాయొచ్చన్నాను. మర్నాడు పొద్దున్న అయిదుగురి ఆధార్ కార్డులు పట్టుకుని ఇద్దరూ వచ్చారు.